‘మిలే సుర్’ గేయదృశ్యము - వ్యంగ్యార్థ విచారము

పాటయొక్క అర్థము మాటయందున్నదా, స్వరమునందున్నదా, పాడువాని ముఖమునందున్నదా అను ప్రశ్న మనకు క్రొత్తది కాదు. భరతుడు అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా విభజించినప్పుడే దీనికి సమాధానము సూచింపబడినది. వాచికమును నాట్యశాస్త్రము నాట్యమునకు శరీరముగా భావించినది. ఐనను శరీరమొక్కటే చాలదని తక్కిన మూడింటి ప్రతిపాదనయే చెప్పుచున్నది. పదాభినయము నెఱిగిన తెలుగువారికి వేఱు నిదర్శనము అక్కఱలేదు. క్షేత్రయ్య పదములోని ఒక్క పల్లవిని గాయకుడు పదే పదే పాడుచుండగా, నర్తకుడు ప్రతి ఆవృత్తియందును వేఱొక సంచారిని పట్టును. ఒకమాఱు ఎత్తిపొడుపు, ఒకమాఱు వేడికోలు, ఒకమాఱు గడచిన రేయి జ్ఞాపకము. మాట మాఱలేదు, చూపు మాఱినది, చూపుతో అర్థమును మాఱినది.

మ్యూజిక్ వీడియో అని నేడు లోకము వ్యవహరించు కళారూపము ఈ సంప్రదాయమునకు దూరపు చుట్టము. దానిని ఈ వ్యాసమున ‘గేయదృశ్యము’ అని పిలుచుచున్నాము. ఒక్క పాట నిడివి కలిగి, ఆ పాటకొఱకే చిత్రింపబడి, కథతో పనిలేక స్వతంత్రముగా ప్రదర్శింపబడు చిత్రమని దాని లక్షణమును చెప్పవచ్చును. అమెరికాలో 1940 మొదలు కొన్నియేండ్లు నాణెము వేసిన పాటను చూపు పెట్టెలుండెడివి. అందు ప్రదర్శించు లఘుచిత్రములను సౌండీలనిరి. 1960 ప్రాంతమున ఫ్రాన్సు దేశమున స్కోపిటోన్ అను యంత్రము వచ్చినది. 1975లో క్వీన్ అను ఆంగ్ల గాయకబృందము తన పాటకు చేసిన చిత్రము ఈ రూపమునకు గౌరవము తెచ్చినది. 1981 ఆగస్టు 1న అమెరికాలో ఎమ్‌టీవీ ప్రసారములు ప్రారంభమగుటతో ఇది ప్రత్యేక ప్రక్రియగా స్థిరపడినది.

మన దేశమున ఈ స్థానమును చిరకాలము చలనచిత్రగీతము ఆక్రమించుకొని యుండెను. దూరదర్శన్‌లో ‘చిత్రహార్’ అను కార్యక్రమము సినిమాలనుండి పాటలను విడదీసి చూపెడిది. కాని సినిమా పాట తన అర్థములో సగమును కథనుండి అప్పు తెచ్చుకొనును. నాయిక ఎవరు, ఎందులకు విలపించుచున్నది అనునది ఎఱుగనివానికి పాట సగమే అందును. కథలేని గేయదృశ్యమునకు ఆ అప్పు పుట్టదు. తన సందర్భమును తానే కల్పించుకొనవలెను. అది ఎట్లు కల్పించుకొనునో పరిశీలించుటకు మేము 1988 నాటి ‘మిలే సుర్ మేరా తుమ్హారా’ను గ్రహించితిమి. కారణమిది: ఇందలి సాహిత్యము దాదాపు ఒకే వాక్యము. ఇద్దరి స్వరములు కూడినచో ఆ కూడినది ఉభయులదియు అగునను భావమే పదునాలుగు భాషలలో మరల మరల వచ్చును. మొదటి ఆవృత్తితోనే వాచ్యార్థము ముగిసినది. ఆఱు నిమిషముల వఱకు ప్రేక్షకుని నిలిపినదేది? వాచ్యము కాని మఱియొక అర్థమేదో అక్కడ పని చేయుచుండవలెను.

ఆ అర్థమును పట్టుకొనుటకు తగిన సాధనము మన అలంకారశాస్త్రమున సిద్ధముగానున్నది. మమ్మటుడు కావ్యప్రకాశమున అర్థమూలకమైన వ్యంజనను వివరించుచు, వ్యంగ్యమును పుట్టించు విశేషములను లెక్కపెట్టినాడు. వక్త ఎవరు, వినువాడెవరు, కాకువు ఎట్టిది, వాక్యము ఎట్టిది, వాచ్యమేది, చెంతనున్నవారెవరు, సందర్భమేది, దేశమేది, కాలమేది అనునవి వానిలో ముఖ్యములు. ఒకే వాక్యము వేఱువేఱు నోళ్ళ, వేఱువేఱు చోట్ల వెలువడినప్పుడు వేఱువేఱు అర్థములను స్ఫురింపజేయునని దీని సారాంశము. దృశ్యము చేయు పని ఇదియే. వక్తను చూపును, దేశమును చూపును, చెంతనున్నవారిని చూపును. శ్రవ్యమున ఊహింపవలసినవానిని ప్రత్యక్షముగా కన్నులయెదుట నిలుపును. కావున మమ్మటుని పట్టికనే మేము ఇందు మార్గముగా గైకొనుచున్నాము.

ముందుగా కాలము. భారతదేశమున టెలివిజన్ ప్రసారములు 1959లో ఢిల్లీయందు ప్రారంభమైనవి. హైదరాబాదున దూరదర్శన్ కేంద్రము 1977లో వెలసినది. 1982 ఆగస్టు 15న జాతీయ కార్యక్రమము మొదలిడి, దేశమునందలి కేంద్రములన్నియు సాయంకాలము కొంతసేపు ఢిల్లీ ప్రసారమునే అందించుట వాడుకయైనది. ఆ కార్యక్రమము ప్రధానముగ హిందీ, ఆంగ్లభాషలలో నడచెడిది. దక్షిణదేశమున దీనిపై అసంతృప్తి కలిగెను. ఆంధ్రప్రదేశమున 1983లో అధికారమునకు వచ్చిన తెలుగుదేశము పార్టీ తెలుగువారి ఆత్మగౌరవమునే తన నినాదముగా చేసికొనినది. 1988లో ఎన్.టి. రామారావుగారే ముఖ్యమంత్రి. పంజాబు ఆ యేండ్లలో హింసతో అట్టుడుకుచుండెను. దూరదర్శన్ అప్పటికి ప్రభుత్వశాఖయే. ఇతర వాహినులు లేవు. అట్టి సమయమున, 1988 ఆగస్టు 15న, ఎఱ్ఱకోటనుండి ప్రధానమంత్రి రాజీవ్‌గాంధీ ప్రసంగించిన పిమ్మట, ఈ గేయదృశ్యము తొలిసారి ప్రసారితమైనది. ఆ ఉదయమున దీనిని చూచినవారు ఇదివఱకు ఢిల్లీ గొంతు వినవచ్చిన ఆ వాహినియందే కాశ్మీరీని, అస్సామీని, తెలుగును ఒకదాని వెంట ఒకటిగా వినిరి. మాట స్నేహమును గూర్చినది. కాలము దానికి సంధిప్రస్తావపు ఛాయను కల్పించినది.

లోకసేవా సంచార పరిషత్తు పక్షమున ఓగిల్వీ సంస్థకు చెందిన సురేశ్ మల్లిక్ దీనిని సంకల్పించెను. కైలాస్ సురేంద్రనాథ్ చిత్రించెను. హిందీ సాహిత్యమును పీయూష్ పాండే రచించెను. స్వరరచనయందు అశోక్ పట్కీ, లూయీ బ్యాంక్స్ ప్రభృతులకు భాగము కలదు. ప్రకటనల రంగమునందు పనిచేయువారు దీనిని నిర్మించుట గమనింపదగినది. కొలది క్షణములలో ఒక ముఖమును, ఒక చోటును గుర్తింపజేయు విద్య వారిది.

ఇక వాక్యము. పదునాలుగు భాషలలోను భావమొక్కటే ఐనను పలుకు ఒక్కటి కాదు. హిందీ మూలమున కలయుట, అగుట అను సామాన్యక్రియలతోనే పని జరిగినది. తెలుగు రచన ఆ కలయికకు నదులు కూడుచోటికి మనము వాడు మాటను, దాని ఫలమునకు దైవము భూమికి దిగివచ్చుటకు వాడు మాటను ఎన్నుకొనినది. కృష్ణాతీరమున సంగమేశ్వరము నెఱిగిన జాతికి ఆ మొదటి మాటలో ఒక పుణ్యస్నానము మెదలును. రెండవ మాటతో, ఇద్దరు కూడి చేసినదనిపించు స్వరము తనంతట వెలసినదిగా తోచును. తమిళ రచన ఇంకను విస్తృతము. దిక్కులు వేఱైనను సాగరమును చేరు నదులను, మేఘమై వానయై కురియు జలమును అది ఉపమానములుగా గ్రహించినది. హిందీలో తరువాత వచ్చు భాగమునను ఈ కల్పనయే కలదు. ఇట్లు అనువాదమని కనబడునది నిజమునకు ఆయా భాషల అలవాట్లనుబట్టి మరల పుట్టిన వాక్యము. పదాభినయమున సంచారులు మాఱినట్లు ఇచ్చట భాషయే మాఱుచున్నది.

కాకువు స్వరమునకు సంబంధించినది. పాట హిందూస్థానీ భైరవిలో మొదలగును. మన కర్ణాటక భైరవికిని దీనికిని పేరొకటే, రాగములు వేఱు. దక్షిణాది చెవికి ఇది సింధుభైరవికి దగ్గఱగా వినబడును. హిందూస్థానీ కచేరీలలో భైరవిని చివర పాడి సభ ముగించుట ఆచారము. ఆ ఆచార మెఱిగిన శ్రోతకు ఈ పాట ఆరంభముననే, దినమంతయు గడచినపిదప అందఱును ఒకచోట చేరినట్టి శాంతి తోచును. ఒక ప్రాంతము నుండి మఱియొక ప్రాంతమునకు పోవునప్పుడు వాద్యములు, నడక మాఱుచుండును. మూలమైన వరుస మాత్రము వీడదు. అందువలననే సింధీ తెలియని తెలుగువాడు సింధీ పాదమునకు అర్థమును వెదకికొనడు. వరుస అతనికి అర్థమును ముందే చెప్పియుంచినది. భాష్యము చేయవలసిన పనిని ఇందు రాగము చేయుచున్నది.

ఇప్పుడు వక్తృవిశేషమును విచారింతము. మా అభిప్రాయమున ఈ గేయదృశ్యమునకు ప్రాణము ఇచ్చటనే కలదు. భాషకొక భూమి, భూమికొక జనము అను క్రమమున పాట నడచుచున్నట్లు పైకి తోచును. కాని ముఖ్యగాయకులను చూడుడు. హిందీ పల్లవిని ఎత్తుకొనినవాడు భీమ్‌సేన్ జోషి. 1922లో ధార్వాడ ప్రాంతమున గదగులో జన్మించిన కన్నడిగుడు. కుందగోళమున సవాయి గంధర్వుని శిష్యుడు. ముగింపున హిందీని పాడునది లతా మంగేష్కర్. ఇందూరున జన్మించి, మరాఠీ నాటకరంగమునకు చెందిన దీనానాథ్ మంగేష్కర్ ఇంట పెరిగిన విదుషి. తమిళ పాదమును పాడినవాడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. 1930లో తూర్పుగోదావరి జిల్లా శంకరగుప్తమున జన్మించి, విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారికడ శిష్యరికము చేసిన తెలుగువాడు. పాటకు మొదలు, తుది, దక్షిణద్వారము అనదగిన మూడు చోట్లను నిలిచిన మువ్వురును తమ తల్లిభాష కానిదానిని పాడుచున్నారు.

ఈ మూడింటిలో బాలమురళిగారి పాదము చరిత్ర నెఱిగినవారికి మిక్కిలి సారవంతము. త్యాగరాజు తిరువైయారున కావేరీతీరమున వసించి తెలుగున కృతులు రచించెను. నాటినుండి తమిళ విద్వాంసులు తరతరములుగా తెలుగు సాహిత్యమును కంఠస్థము చేసి పాడుచు వచ్చిరి. 1940 తరువాత తమిళనాట తమిళ ఇసై ఉద్యమము సాగినది. అణ్ణామలై చెట్టియారు దానికి అండగా నిలిచెను. మా నేలపై, మా సభలలో, మాకు తెలిసిన మాటలతో పాటలు వినుట మా హక్కు కాదా యని ఆ ఉద్యమము ప్రశ్నించినది. ఆ ప్రశ్న న్యాయమైనదే. సంగీతమునకు భాషతో పనిలేదని దానికి బదులు చెప్పినవారికి, తెలుగు కృతులలోని సాహిత్యము తమిళ శ్రోతకు ఎంతవఱకు అందుచున్నదో చూడవలసిన బాధ్యత మిగిలియే యున్నది. ఇట్టి పూర్వరంగముపై, త్యాగరాజ శిష్యపరంపరకే చెందిన ఒక తెలుగు విద్వాంసుడు సముద్రతీరమున నిలిచి తమిళమున పాడుచు కనబడును. రెండు శతాబ్దులుగా తమిళ కంఠములు తెలుగునకు చేసిన ఉపకారమునకు ఇది కొన్ని క్షణముల ప్రత్యుపకారమువలె తోచుచున్నది. ఇరువురి స్వరమును మనదగునని వాక్యము చెప్పుచున్నది. ఆ వాక్యము చెప్పని సంగతిని, అనగా ఒకరి భాషను మఱియొకరు నోటబట్టి కష్టపడి నేర్చిననే అది ‘మన’ అగునను సంగతిని, వక్త చెప్పుచున్నాడు. దీనిని నిర్మాతలు సంకల్పించిరా లేదా అను విచారణ ఇచ్చట అనవసరము. ధ్వని సహృదయుని సంస్కారమును ఆశ్రయించి యుండునని ఆలంకారికులు నిర్ణయించినదే. వినువాని విశేషమని మమ్మటుడు చెప్పినది ఇదియే కదా!

దేశవిశేషము వక్తృవిశేషమును బలపఱచుచున్నది. జోషిగారు హిందీ పల్లవిని పాడుచు నిలిచిన జలపాతము కొడైకెనాల్ చెంతనున్నది. హిందీ పలుకు, కన్నడ కంఠము, తమిళ జలము అను మూడును తొలి చిత్రముననే ఒకటైనవి. జలమును గూర్చియే మఱియొక విశేషము. నదులు, సాగరము, మేఘము అను ఉపమానము వాక్యమున తరువాత గాని రాదు. కాని కంటికి జలపాతము మొదటనే కనబడినది. తమిళ పాదమున సముద్రము కనబడినది. ఉపమానము ముందు చూపుగా వచ్చి, పిదప మాటగా వచ్చినది. చూచినదానిని విన్నప్పుడు మనస్సు దానిని కల్పనయని తలపక అనుభవముగా స్వీకరించును. దృశ్యమునకు సాహిత్యమునకు నడుమ ఇట్టి ముందువెనుకల కూర్పు గేయదృశ్యమునకు గల ప్రత్యేక శక్తి.

అన్నిచోట్లను కూర్పు ఇంత లోతుగా లేదు. ఏనుగుతో కేరళమును, ఆకాశమునుండి చూపిన తాజ్‌మహల్‌తో ఉత్తరదేశమును గుర్తింపజేయుట లక్షణావృత్తికి చెందినది. ఒక అంశము మొత్తమునకు బదులుగా నిలుచును. ఇది తపాలాబిళ్ళపై బొమ్మవంటిది; గుర్తు తెలుపును గాని క్రొత్తగా ఏమియు తెలుపదు. బంగాళీ భాగమున కలకత్తా మెట్రో రైలును చూపుట ఇంతకంటె మేలు. 1984లో ప్రారంభమైన ఆ భూగర్భ రైలు అప్పటికి దేశమున అట్టిది ఒక్కటే. వంగదేశమనగా నదియు నావయు నని ఎదురుచూచు కంటికి, నగరమున దినదినము ప్రయాణించు జనము కనబడుదురు. భాష పాతకాలపు పెట్టెలో దాచినది కాదనియు, ఆఫీసునకు పోవువారి నోటనున్నదనియు ఆ దృశ్యము సూచించును.

చెంతనున్నవారు అను విశేషమును గూర్చి సంగ్రహముగా చెప్పెదము. సంగీత విద్వాంసులు, చలనచిత్ర నటులు, క్రీడాకారులు, మావటివాడు, పేరు తెలియని గ్రామీణులు ఈ వాక్యమును పంచుకొందురు. ప్రసిద్ధునకు ఎక్కువ మాటలు, అప్రసిద్ధునకు తక్కువ మాటలు అను భేదమునకు ఈ వాక్యమున తావులేదు, అది ఒక్కటే గనుక. సాహిత్యము ఇంత చిన్నదగుట లోపముగా తోచవచ్చును. నిజమునకు ఆ చిన్నతనమే సమానత్వమును కల్పించినది.

ఇంతవఱకు గుణములను చెప్పితిమి. లోపమును చెప్పక విడుచుట విమర్శకు తగదు. ఈ పదునాలుగు భాషలను ఎన్నుకొనినదెట్లు? హిందీ, కాశ్మీరీ, పంజాబీ, సింధీ, ఉర్దూ, తమిళము, కన్నడము, తెలుగు, మలయాళము, బంగాళీ, అస్సామీ, ఒడియా, గుజరాతీ, మరాఠీ అనునవి అవి. 1988లో రాజ్యాంగము ఎనిమిదవ అనుసూచికయందు పదునైదు భాషలుండెను. ఆ పట్టికనుండి సంస్కృతము నొక్కదానిని తీసివేసినచో సరిగా ఈ పదునాలుగే మిగులును. అనగా ఇది ప్రజలు మాటలాడు భాషల పట్టిక అనుటకంటె, రాజ్యము గుర్తించిన భాషల పట్టిక అనుట సత్యము. సంస్కృతము తొలగుటయు దృశ్యధర్మమును తెలుపుచున్నది. చూపుటకు దానికి ప్రత్యేకమైన ప్రాంతము లేదు. చిత్రమునకు నేల కావలెను. కాని నేలయుండియు పట్టికలో లేనివాని మాటయేమి? మణిపురి, కొంకణి, నేపాలీలు 1992లోను, సంథాలీ, బోడో, మైథిలి, డోగ్రీలు 2003లోను అనుసూచికలో చేర్పబడినవి. ఈ పాటనాటికి అవి గుర్తింపునకై వాకిట నిలిచియుండెను. మన తెలుగునేలపైననే పలుకబడు గోండి, కోయ, లంబాడీ పలుకులకు నేటికిని ఆ పట్టికలో చోటు లేదు. ‘నీవు, నేను’ అను వాక్యమున ‘నీవు’ ఎవరో నిర్ణయించినది ప్రభుత్వ పత్రము. చివర జనులు మువ్వన్నెల భారతదేశ రూపమును దాల్చునప్పుడు కన్నులు చెమర్చుట సహజమే. ఆ రూపమున కనబడినను వినబడనివారు పలువురని పరిశోధకుడు మఱువరాదు.

దృశ్యము మాఱినచో వాక్యార్థము మాఱునను మా ప్రతిపాదనకు తరువాతి చరిత్రయే పరీక్షగా నిలిచినది. 2010 జనవరి 26న ‘ఫిర్ మిలే సుర్’ అను పేర దీనికి క్రొత్తరూపు వెలువడినది. చిత్రించినది కైలాస్ సురేంద్రనాథుడే. మూలవాక్యము, వరుస చాలవఱకు అవియే. నిడివి పదునాఱు నిమిషములకు పెరిగినది. కాని ప్రదర్శించినది ప్రైవేటు వాహిని. తెఱపై నటీనటులు అధికముగా నిండిరి. పాతదానితో పోల్చి పలువురు అసంతృప్తిని వెలిబుచ్చిరి. దీనిని పాతదానిపై మమకారముగా మాత్రమే కొట్టివేయరాదు. ప్రసిద్ధుల ముఖములు వరుసగా వచ్చునప్పుడు ప్రేక్షకుడు ‘ఇతడెవరు’ అని గుర్తించుటలో నిమగ్నుడగును. ‘ఇది ఏ భాష, ఏ నేల’ అను ప్రశ్న వెనుకబడును. అప్పుడు కలసినవి స్వరములు అనుటకంటె కీర్తులు అనుట తగును. మాట మాఱకయే అర్థము మాఱినది.

సారాంశమిది. గేయదృశ్యమున దృశ్యము సాహిత్యమునకు అలంకారముగా పైన అతికినది కాదు. సాహిత్యము దృశ్యమునకు వ్యాఖ్యయును కాదు. వాక్యము ఒక సూత్రమువలె నిలువగా, వక్త, దేశము, కాలము, సన్నిధి అనునవి దానినుండి అర్థములను పిండును. వాక్యము ఎంత చిన్నదైన ఈ వ్యాపారము అంత స్పష్టముగా కనబడును. దీనిని గ్రహించుటకు మన పదాభినయ సంప్రదాయమును, మమ్మటుని వివేకమును నేటికిని సమర్థములుగనే యున్నవి. గేయదృశ్యమును తేలికపాటి వినోదమని త్రోసివేయక, వ్యంజనావిచారమునకు లక్ష్యముగా గైకొనుట మన శాఖలలోని పరిశోధక విద్యార్థులకు తగినపని. అట్టివారు ఏ పాటనైనను మూడుమాఱులు పరిశీలింపవలెనని మా సూచన: కన్నులు మూసికొని ఒకమాఱు, ధ్వనిని ఆపి ఒకమాఱు, రెండును కలిపి ఒకమాఱు. మొదటి రెండింటను లేక, మూడవదానియందు మాత్రమే తోచినదేదో దానినే వారు వ్రాసికొనవలెను. ‘మిలే సుర్’ను ఇట్లు చూచినపుడు మాకు తోచినది, కడలియొడ్డున నిలిచి పొరుగువారి భాషను తనదిగా పాడుచున్న ఒక తెలుగు విద్వాంసుడు. ఐక్యమును గూర్చి ఆ పాట చెప్పిన మాటలన్నింటికంటె ఆ దృశ్యము బలవత్తరమని మేము తలంచుచున్నాము.